పెద్ద పుట ఎందుకు దొరకలేదు?

కంప్యూటరు తప్పు చేసినప్పుడు ఏదో ఒక విధంగా మొరపెట్టుకొంటుందని చాలామంది నమ్మకం. తెర నిలిచిపోతుంది, హెచ్చరిక కనిపిస్తుంది, లేదా యంత్రమే ఆగిపోతుంది. అటువంటి తప్పును పట్టుకోవడం ఇంజనీరుకు అంత కష్టం కాదు. దొంగ తానే కేక వేసినట్లు లెక్క. కాని కొన్ని లోపాలు కేక వేయవు. లెక్కలు సరిగానే వస్తాయి. ఫైళ్లు చెక్కుచెదరవు. ఎక్కడా ఒక్క హెచ్చరిక కూడా ఉండదు. తేడా ఒక్కటే: 512 సార్లు జరుగవలసిన పని 2,62,144 సార్లు జరుగుతూ ఉంటుంది. కోట్ల రూపాయలు పోసి కొన్న యంత్రం తాను చేయగలిగినదానికన్న చాలా తక్కువ చేస్తూ, తాను బాగానే ఉన్నానని చెబుతూ ఉంటుంది.

ఈ మాసం ఈ శీర్షికలో అట్టి లోపాన్ని ఒకదానిని పరిశీలిద్దాము. ఇది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో, అనగా కెర్నెల్ అనబడే భాగంలో, సంభవిస్తుంది. విషయం సాంకేతికమే. అయినా దీని సారం గ్రహించడానికి పొలం గట్లు తెలిసి ఉంటే చాలు.

గ్రామ కరణం వద్ద అడంగల్ పుస్తకం ఉండేది. తెలంగాణలో ఆయననే పట్వారీ అనేవారు, పుస్తకాన్ని పహాణీ అనేవారు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయినవి గాని, ఆ పుస్తకాల వాసన ఎరిగినవారు ఇంకా చాలామంది ఉన్నారు. రైతు తన పొలాన్ని తనకు తెలిసిన పేరుతో పిలుచుకొంటాడు: చింతచెట్టు చేను, బావికాడి మడి. ప్రభుత్వానికి ఆ పేర్లతో పనిలేదు. సర్వే నంబరు కావాలి. ఈ పేరుకు ఆ నంబరు అని చెప్పేది పుస్తకం.

కంప్యూటరులో జరిగేది అదే. ప్రతి ప్రోగ్రాము తన మెమరీని తనకు తోచిన చిరునామాలతో పిలుస్తుంది. ఆ చిరునామా నిజమైన మెమరీలో ఎక్కడ ఉన్నదో ప్రాసెసరు ప్రతిసారీ వెదకి చూడాలి. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క నమోదు రాస్తూ పోతే పుస్తకం పొలంకన్న పెద్దదవుతుంది. అందుచేత మెమరీని సమానమైన ముక్కలుగా విభజించి, ముక్కకు ఒక నమోదు చొప్పున రాస్తారు. ఆ ముక్కకే పేజీ అని పేరు. మనం పుట అందాము. ఈ పద్ధతి ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ నాయకత్వాన రూపొంది, 1962లో పనిచేయనారంభించిన అట్లాస్ యంత్రంతో లోకానికి వచ్చినది. నేడు మన ఇళ్లలోను, కార్యాలయాలలోను ఉండే సామాన్య కంప్యూటర్లలో పుట పరిమాణం 4 కిలోబైట్లు, అనగా 4,096 బైట్లు.

పుస్తకం ఒక్కటే కాదు, నాలుగు అంచెలుగా ఉంటుంది. జిల్లా, తాలూకా, ఫిర్కా, గ్రామం అన్నట్లు. ప్రతి అంచెలోను ఒక్కొక్క పట్టికకు 512 నమోదులు. ఒక చిరునామాను తేల్చడానికి ప్రాసెసరు ఈ నాలుగు పట్టికలను వరుసగా తిరగవేయవలసి ఉంటుంది. ఒక మాట చదవడానికి ముందు నాలుగు మాటలు చదవాలన్న మాట! ఇది భరించరాని ఆలస్యం గనుక, ఇటీవల అడిగిన జవాబులను ప్రాసెసరు తన జేబులో చిన్న చీటీలుగా దాచుకొంటుంది. ఆ జేబు చిన్నది. ఉదాహరణకు ఇంటెల్ సంస్థవారి స్కైలేక్ తరం సర్వరు ప్రాసెసరులో రెండవ అంచె జేబులో 1,536 చీటీలు పడతాయి. చీటీకి 4 కిలోబైట్ల చొప్పున లెక్కిస్తే ఆ చీటీలన్నీ కలసి కప్పగలిగేది 6 మెగాబైట్లు మాత్రమే. వందల గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రానికి ఇది ఏ మూలకు?

ఇక్కడే పెద్ద పుట రంగప్రవేశం చేస్తుంది. 512 చిన్న పుటలు ఒకదాని పక్కన ఒకటి, ఒకే కమతంగా ఉన్నట్లయితే, గ్రామం పట్టికకు దిగనవసరం లేకుండా ఫిర్కా పట్టికలోనే ‘ఈ కమతమంతా ఫలానా చోట’ అని ఒక్క నమోదు రాసివేయవచ్చును. అప్పుడు పుట పరిమాణం 2 మెగాబైట్లు. అవే 1,536 చీటీలు ఇప్పుడు 3 గిగాబైట్లను కప్పుతాయి. నాలుగంచెల నడక మూడంచెలకు తగ్గుతుంది. పుస్తకం బరువు కూడా తగ్గుతుంది. 1 టెరాబైటు మెమరీని చిన్న పుటలతో రాసుకొంటే 26,84,35,456 నమోదులు. నమోదుకు 8 బైట్ల చొప్పున 2 గిగాబైట్లు పుస్తకానికే ఖర్చు. పెద్ద పుటలతో రాసుకొంటే 4 మెగాబైట్లు చాలును. ఈ ఖర్చు ప్రతి ప్రోగ్రాముకు వేరువేరుగా పడుతుందని మరువరాదు. ఒకే డేటాను నూరు ప్రక్రియలు పంచుకొనే పెద్ద డేటాబేసు ఉన్నదనుకొందాము. చిన్న పుటలతో పుస్తకాలకే 200 గిగాబైట్లు హరించుకుపోతాయి.

ఇక ఈ కథలోని రెండవ పాత్ర చెరగని మెమరీ. కరెంటు పోయినా మరచిపోని మెమరీ అనేది కొత్త ఊహ కాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పూర్తిస్థాయిలో పనికి వచ్చిన టిఫ్రాక్ యంత్రంలో మెమరీ అంతా ఫెర్రైట్ పూసల అల్లికే. అయస్కాంతీకరణం కరెంటు మీద ఆధారపడదు గనుక ఆ పూసలు తమ గుర్తును తామే నిలుపుకొనేవి. తరువాత వచ్చిన అర్ధవాహక చిప్పులు వేగంలోను, చౌకలోను వాటిని తరిమివేసినవి గాని, నిలకడ అనే గుణాన్ని తమతో తేలేకపోయినవి. అప్పటినుండి కంప్యూటరు జీవితం రెండు గదుల కాపురం. పని ఒక గదిలో, దాపు మరొక గదిలో. మెమరీలో పని, డిస్కులో దాపు. ఈ గదినుండి ఆ గదికి మోయడమే సగం చాకిరి.

ఈ గోడను పడగొట్టాలన్న ప్రయత్నాలలో పెద్దది ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2015లో ప్రకటించిన త్రీడీ క్రాస్‌పాయింట్. దాని ఆధారంగా ఇంటెల్ 2019లో ఆప్టేన్ పేరుతో మెమరీ పలకలను విడుదల చేసినది. సాధారణ మెమరీ పలకలు అమర్చే గాడులలోనే ఇవి కూడా కూర్చొంటాయి. ఒక్కొక్కటి 128, 256, లేక 512 గిగాబైట్లు. సాధారణ మెమరీకన్న చదవడంలో సుమారు రెండు మూడు రెట్లు నిదానం, కాని డిస్కులతో పోల్చదగినది కాదు; ఎంతో వేగం. కరెంటు పోయినా రాసినది రాసినట్లే ఉంటుంది.

డిస్కు మీది ఫైలును చదవాలంటే కెర్నెల్ ముందు దానిని మెమరీలోకి ప్రతి తీస్తుంది. ఫైలు ఉన్నదే మెమరీలో అయినప్పుడు మెమరీనుండి మెమరీకి ప్రతి తీయడం గంగాతీరాన బావి తవ్వినట్లుంటుంది. అందువలన ప్రతి తీయకుండా ఆ ఫైలు ఉన్న చోటునే నేరుగా ప్రోగ్రాము చిరునామాలకు ముడిపెట్టే మార్గాన్ని లైనక్స్‌లో మాథ్యూ విల్కాక్స్ నిర్మించారు. అది 2015 ఏప్రిల్‌లో వెలువడిన 4.0 సంచికలో చేరినది. దానికి డాక్స్ అని పొట్టిపేరు. ఫైలులోని బైట్లు, ప్రోగ్రాము చూసే బైట్లు, చిప్పులోని బైట్లు – మూడూ ఒకటే. దీనికి పెద్ద పుటలు కూడా తోడయితే గుర్రానికి జీను కుదిరినట్లే.

కుదరడమే కష్టం. సాధారణ మెమరీలో పెద్ద పుట కావాలంటే కెర్నెల్ ఎక్కడో ఒక చోట ఖాళీగా ఉన్న 2 మెగాబైట్ల కమతాన్ని వెదకి ఇస్తుంది. కావాలంటే అక్కడున్నవారిని జరిపి మరీ ఇస్తుంది. చెరగని మెమరీలో ఆ స్వేచ్ఛ లేదు. ఫైలు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. ఎక్కడ ఉండాలో ఫైలు సృష్టించిననాడే నిర్ణయమైపోయినది. హద్దురాళ్లు అప్పుడే పాతేశారు. పెద్ద పుట దక్కాలంటే ఆ హద్దులన్నీ 2 మెగాబైట్ల గుణిజాల మీద పడి ఉండాలి. ఒక్కటి తప్పినా కెర్నెల్ మారు మాట్లాడదు. పెద్ద పుట ప్రయత్నం మానుకొని చిన్న పుట ఇచ్చి పంపివేస్తుంది.

ఇట్లా చేయడం న్యాయమా అని అడగవచ్చును. నా ఉద్దేశంలో ఆగిపోకపోవడం న్యాయమే. ప్రోగ్రాముకు కావలసినది డేటా, అది దొరికినది. చెప్పకపోవడం మాత్రం అన్యాయం. పెండ్లివారికి పెద్ద బస్సు మాట్లాడితే, అది దొరకలేదని చెప్పకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క రిక్షా పంపినట్లుంటుంది. అందరూ చేరుతారు. ముహూర్తం సంగతి ఎవరికీ పట్టదు.

అయితే హద్దు ఎక్కడ తప్పినదో కనుగొనడం ఎట్లా? ముందుగా జరుగుతున్నది ఏమిటో లెక్కించాలి. ప్రోగ్రాము ఒక పుటను మొట్టమొదటిసారి తాకినప్పుడు పుస్తకంలో నమోదు ఉండదు. ప్రాసెసరు పని ఆపి కెర్నెల్‌ను పిలుస్తుంది. దీనిని పేజీ ఫాల్టు అంటారు. ఫాల్టు అన్నంత మాత్రాన తప్పిదం కాదు సుమా. కొత్త పొలానికి కొత్త నమోదు రాయించుకోవడమే. ఒక గిగాబైటు ఫైలును ఈ చివరినుండి ఆ చివరకు తాకినట్లయితే పెద్ద పుటలతో 512 ఫాల్టులు రావాలి, చిన్న పుటలతో 2,62,144. మొదట చెప్పిన అంకెలు ఇవే.

ఈ ఫాల్టులు ఒక్కొక్కటి ఎట్లా ముగిసినవో చెప్పే గుర్తులను 2017లో కెర్నెల్‌లో అమర్చారు. వాటిని తెరచి ప్రోగ్రామును నడిపితే వరుసకు ఒక ఫాల్టు చొప్పున అచ్చవుతుంది: ఏ ఫైలు, ఏ చిరునామా, చదవడానికా రాయడానికా, చివరకు ఫలితం. ఫలితం దగ్గర రెండు మాటలలో ఒకటి కనిపిస్తుంది. ఒకటి ‘ఫాల్‌బ్యాక్’, రెండవది ‘నోపేజ్’. కొత్తవాడు చూసి ‘పేజీ లేదు’ అన్నారు గనుక ఇదే చెడ్డ కబురు అనుకొంటాడు. వ్యవహారం తలక్రిందులు. ‘నోపేజ్’ అంటే నమోదు నేనే రాసేశాను, నీకు తిరిగి ఇవ్వవలసిన పుట ఏమీ లేదు అని అర్థం, అది విజయం. ‘ఫాల్‌బ్యాక్’ అన్నదే వెనుకంజ. పేర్లు పెట్టేవారు చదివేవారిని తలచుకోరని అనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అన్ని వరుసలలోను ‘ఫాల్‌బ్యాక్’ అనే ఉన్నదనుకొందాము. ఇప్పుడు హద్దురాళ్ల తనిఖీ.

అన్నిటికన్న అడుగున ఉన్నది చెరగని మెమరీ ప్రాంతపు మొదలు. దానిని విభజించి భాగాలు చేసినట్లయితే ప్రతి భాగమూ ఎక్కడ మొదలైనదో చూడాలి. ఇక్కడ ఒక చిత్రమైన ఉచ్చు ఉన్నది. పాతకాలపు డిస్కు పరికరాలు మొదటి భాగాన్ని 63వ సెక్టారు దగ్గర మొదలుపెట్టేవి. సెక్టారు 512 బైట్లు గనుక అది 32,256వ బైటు; 4 కిలోబైట్ల గుణిజం కూడా కాదు. తరువాతివారు ఆ తప్పు దిద్ది 2,048వ సెక్టారుకు మార్చారు. అది సరిగా 1 మెగాబైటు. డిస్కుల విషయంలో అది ఎంతో చక్కని హద్దు. పుస్తకాలన్నీ మెచ్చుకొన్న హద్దు. కాని మనకు కావలసినది 2 మెగాబైట్లు! ఆ అలవాటు చొప్పున భాగం చేసినట్లయితే దాని లోపల ఫైలు వ్యవస్థ ఎంత జాగ్రత్తగా 2 మెగాబైట్ల హద్దులు పాటించినా, అవన్నీ అసలు మెమరీలో సరిగా సగం కమతం పక్కకు ఒరిగి ఉంటాయి. ఒక్క పెద్ద పుట కూడా దొరకదు. పునాది వంకరగా ఉన్న ఇంట్లో మేస్త్రి ఎంత తూకం వేసి గోడ కట్టినా ఫలమేమి?

పునాది సరిగా ఉంటే ఫైలు వ్యవస్థ వంతు. ఫైలుకు చోటు కేటాయించేది అదే. దానికి 4 కిలోబైట్ల గడులు తప్ప 2 మెగాబైట్ల కమతాల ధ్యాస సహజంగా ఉండదు, మనం చెప్పాలి. ఎక్స్‌టీ4 అనే వ్యవస్థను సిద్ధపరచేటప్పుడు అడుగు పొడవు 512 గడులు అని చెప్పవచ్చును. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు కూడా అట్టి ఏర్పాటే ఉన్నది. తమాషా ఏమంటే, ఈ ఏర్పాట్లు పుట్టినది అనేక డిస్కులను కలిపి వాడేవారి కోసం, డేటా ఏ డిస్కు మీద ఎంతవరకు పరచాలో చెప్పడానికి. ఇక్కడ డిస్కూ లేదు, పరచడమూ లేదు. అయినా పాత మీట కొత్త తలుపు తెరచినది. చెప్పిన మాట వ్యవస్థ విన్నదో లేదో తెలుసుకోవడానికి ఫైలు ఏ గడిలో మొదలైనదో అడిగి, ఆ సంఖ్యను 512తో భాగించి చూడాలి. 34,816 అని వచ్చినదా, 68 కమతాలకు శేషం లేకుండా సరిపోయినది. 35,000 అని వచ్చినదా, 184 గడులు మిగిలినవి. పెద్ద పుట లేదు. ఫైలును ఒకేసారి పూర్తి పొడవున కేటాయించడం మేలు. కొంచెం కొంచెంగా పెరిగిన ఫైలు ఊరి బయట పెరిగిన పేట వలె ఇక్కడో ముక్క అక్కడో ముక్కగా ఉంటుంది.

పైనున్నది ప్రోగ్రాము చిరునామా. ఇదీ 2 మెగాబైట్ల హద్దుతో పొసగాలి. షోడశాంశ పద్ధతిలో రాసినప్పుడు చివరి ఐదు స్థానాలు సున్నాలై, ఆరవ స్థానంలో సరిసంఖ్య ఉండాలి. 10200000 పనికివస్తుంది. 10300000 చూపుకు అంతే గుండ్రంగా ఉన్నా పనికిరాదు. అదే ఒక మెగాబైటు ఒరుగు. కొందరు ప్రోగ్రామర్లు ఫైలులో మొదటి 4 కిలోబైట్లు తమ గుర్తింపు వివరాలకు వదలి, రెండవ పుటనుండి ముడిపెట్టుకొంటారు. చిరునామా చక్కగా ఉంటుంది, ఫైలు చక్కగా ఉంటుంది, రెండిటికీ మధ్య ఒక్క పుట ఎడం. చొక్కాకు మొదటి బొత్తాం తప్పుగా పెట్టినట్లు, చివరి దాకా ఏదీ పొసగదు. ఇంకొక షరతు కూడా ఉన్నది. తన మార్పులు తనకే ఉండాలని, ఫైలుకు చేరరాదని కోరే ప్రోగ్రాము ఆ చోట రాసేటప్పుడు కెర్నెల్ వేరే ప్రతి తీసి ఇవ్వాలి; అప్పుడు చిన్న పుటే గతి.

ఇంతవరకు చెప్పినది మందకొడితనం. దీనికన్న భయంకరమైన అధ్యాయం ఒకటి ఉన్నది. పెద్ద పుట దొరకడం వలన వచ్చిన ఆపద అది.

డాక్స్‌కు పెద్ద పుటలు 2015లోనే చేర్చారు. ఆ సంవత్సరాంతంలోనే వాటిని ఆపవలసివచ్చినది. కెర్నెల్ తన ప్రతి చిన్న పుటకు 64 బైట్ల వివరపత్రం ఒకటి ఉంచుకొంటుంది. పెద్ద పుట ఎదురైతే దానికి కూడా అట్టి పత్రాలు తప్పక ఉంటాయని కెర్నెల్‌లోని పలుచోట్ల ధీమాగా రాసి ఉన్నది. చెరగని మెమరీకి మొదట ఆ పత్రాలే లేవు. లేని పత్రం కోసం చేయిపెట్టి కెర్నెల్ కుప్పకూలినది. తరువాత చెరగని మెమరీకి కూడా పత్రాలు ఏర్పరచారు. చిన్న ఖర్చు కాదది: టెరాబైటుకు 16 గిగాబైట్లు. అందుకే కావాలంటే వాటిని ఆ చెరగని మెమరీలోనే కొంత చోటు తీసి ఉంచే వీలు కల్పించారు.

ఇంతటితో పోలేదు. 2016లో జాన్ కారా అనే డెవలపరు మరొక లోపాన్ని బయటపెట్టి, పెద్ద పుటలను మళ్లీ మూయించారు. ఈ లోపం సద్దు చేయనిది. దానిని కరణాల భాషలో చెబితే ఇట్లా ఉంటుంది. ఫైలులో ఒక చోట ఇంకా ఏమీ రాయలేదు, అది బీడు. ఒక గుమాస్తా వద్దకు ఒకరు వచ్చి, ఆ చోట రాయాలి, పెద్ద పుట కావాలి అన్నారు. అదే క్షణాన రెండవ గుమాస్తా వద్దకు మరొకరు వచ్చి అక్కడే చదవాలి అన్నారు. ఇద్దరు గుమాస్తాలూ పుస్తకం చూశారు. ఇద్దరికీ బీడు అనే కనిపించినది. మొదటివాడు భూమి కేటాయించాడు. పాత చీటీలు ఏమైనా ఉంటే చింపివేశాడు కూడా. సరిగా అప్పుడే రెండవవాడు, తాను ఇంతకుముందు చూసిన దానిని నమ్మి, ‘ఇది బీడు, చదివితే సున్నాలే’ అని కొత్త చీటీ అంటించాడు. చింపడం అయిపోయినది, ఈ చీటీని చింపేవారు ఇక లేరు. మొదటివ్యక్తి అక్కడ పంట పండిస్తున్నాడు. రెండవవ్యక్తికి అక్కడ సున్నాలే కనిపిస్తున్నవి. ఇద్దరూ ఒకే ఫైలు చూస్తున్నారు.

బ్యాంకు ఖాతా నిల్వ ఆ చోట ఉన్నదనుకోండి. జమ చేసిన ప్రక్రియకు జమ కనిపిస్తుంది, వాకబు చేసిన ప్రక్రియకు సున్నా కనిపిస్తుంది. యంత్రం ఆగదు. ఇది వేయిసార్లలో ఒకసారి జరుగుతుందా, కోటిసార్లలో ఒకసారి జరుగుతుందా అనేది రెండు ప్రాసెసర్ల పరుగు మీద ఆధారపడి ఉంటుంది గనుక పరీక్షశాలలో కనిపించక వాడుకదారుడి వద్ద కనిపించే జాతి ఇది. గుర్తులు అచ్చువేసి చూద్దామంటే ఆ అచ్చువేసే ఆలస్యమే పరుగును మార్చి, లోపాన్ని దాచివేయవచ్చును. ఇట్టివాటిని సాధారణంగా యంత్రం ముందు కూర్చొని పట్టలేరు. కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, ఎడమవైపు ఒక ప్రాసెసరు, కుడివైపు మరొక ప్రాసెసరు, ఏ పని ముందు ఏ పని తరువాత అని రాసుకొంటూ పోయి పట్టాలి. కారా తన వివరణలో చూపినది కూడా అట్టి రెండు వరుసల పట్టికే.

దిద్దుబాటు ఊహించగలిగినదే: నమోదుకు తాళం. ఆ చోట పని చేసే గుమాస్తా ముందు తాళం వేసుకోవాలి, రెండవవాడు వేచి ఉండి, తాళం తీసిన తరువాత పుస్తకాన్ని మళ్లీ మొదటినుండి చూడాలి. చిక్కు ఏమిటంటే తాళం దేనికి? ఒకరికి 4 కిలోబైట్ల చోటు కావాలి, ఒకరికి 2 మెగాబైట్లు. ఇద్దరూ వేరువేరు తలుపులకు తాళం వేసుకొంటే తాళం ఉన్నా లేనట్లే. చివరకు పెద్ద కమతం అంతటికీ ఒకే నమోదు, ఒకే తాళం అన్న ఏర్పాటు కుదిరినది. ఫైలులోని హద్దు, చిరునామాలోని హద్దు పొసగాలన్న ఇందాకటి షరతు అర్థం ఇప్పుడు స్పష్టమవుతుంది. అది వేగం కోసం మాత్రమే పెట్టినది కాదు. రెండు పుస్తకాలలోని కమతాలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చొంటేనే ఒక తాళం రెండిటినీ కాపాడగలదు. రాస్ జ్విస్లర్ రాసిన ఈ కొత్త రూపంతో 2017 ఫిబ్రవరిలో వచ్చిన 4.10 సంచికలో పెద్ద పుటలు తిరిగి తెరచుకొన్నవి.

పెద్ద పుటకు ఒక పన్ను కూడా ఉన్నది. ప్రాసెసరు రాసిన మాట వెంటనే చిప్పుకు చేరదు. కొంతసేపు ప్రాసెసరు సొంత సంచిలో ఉంటుంది. కరెంటు పోతే ఆ సంచిలోనిది పోతుంది. ‘భద్రపరచు’ అని ప్రోగ్రాము కోరినప్పుడు మారిన పుటలను కెర్నెల్ చిప్పుకు తోసివేస్తుంది. పుటలో ఏ మూల మారినదో దానికి తెలియదు. పెద్ద పుటలో ఒక్క బైటు మార్చి భద్రపరచమన్నా 2 మెగాబైట్లు, అనగా 64 బైట్ల తునకలు 32,768, వరుసగా తోయవలసినదే. దీనికి విరుగుడుగా, ఏ తునకలు మారినవో ఎరిగిన ప్రోగ్రామే కెర్నెల్ ప్రమేయం లేకుండా వాటిని స్వయంగా తోసుకొనే పద్ధతి 2018 జనవరిలో వెలువడిన 4.15 సంచికనుండి సాధ్యమైనది.

ఇన్ని పాట్లు పడి దారి వేసిన తరువాత బండి ఆగిపోయినది. 2022 జూలైలో ఇంటెల్ ఆప్టేన్ వ్యాపారాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించినది. నిల్వ సరుకు విలువ కింద 55.9 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకొన్నది. పడిన శ్రమ వృథా అయినదా అని అడిగేవారికి సమాధానం కెర్నెల్‌లోనే ఉన్నది. ఒక కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లు భ్రమింపజేసే వర్చువల్ యంత్రాలు ఇప్పుడు సర్వసామాన్యం. బయటి యంత్రంలోని ఫైలును లోపలి యంత్రం ప్రతి తీయకుండా నేరుగా చూసే ఏర్పాటు వర్టియో ఎఫ్‌ఎస్ పేరుతో ఉన్నది; 2020 డిసెంబరు నాటి 5.10 సంచికలో దానికి డాక్స్ తోడైనది. అక్కడ కూడా కిటికీ పలక పరిమాణం 2 మెగాబైట్లే.

ఈ విద్య నేర్చుకోదలచిన విద్యార్థికి ఆప్టేన్ పలకలు అవసరం లేదు. లైనక్స్ యంత్రాన్ని మొదలుపెట్టేటప్పుడే ‘మెమ్‌మ్యాప్’ అనే ఆదేశంతో సాధారణ మెమరీలో 4 గిగాబైట్లు, 12వ గిగాబైటునుండి, చెరగని మెమరీగా భావించుకొమ్మని చెప్పవచ్చును. యంత్రంలో 16 గిగాబైట్లు ఉంటే చాలు. కరెంటు పోతే అందులోనిది నిజంగా చెరిగిపోతుంది, అది వేరే మాట. పుటలు, హద్దులు, ఫాల్టులు మాత్రం అసలు దానివలెనే నడుస్తాయి. దాని మీద ఫైలు వ్యవస్థను నిర్మించి, ఒక గిగాబైటు ఫైలు కేటాయించి, పంచుకొనే పద్ధతిలో ముడిపెట్టి, ఈ చివరనుండి ఆ చివరకు తాకి, గుర్తులను లెక్కించండి. 512 ‘నోపేజ్’లు రావాలి. తరువాత ఆ మెమరీని భాగం చేసి, భాగాన్ని కావాలనే 1 మెగాబైటు దగ్గర మొదలుపెట్టి, అదే పని మళ్లీ చేసి చూడండి.